ఒక్క రాత్రి బందోబస్తు చాలునా?

డిసెంబర్ నెలాఖరు సమీపించగానే దేశ రాజధానిలో ఒక తతంగం ఏటా క్రమం తప్పకుండా జరుగుతుంది. ఢిల్లీ ట్రాఫిక్ పోలీసు విభాగం ఒక ప్రకటన విడుదల చేస్తుంది. 31వ తేదీ రాత్రి కన్నాట్ ప్లేస్‌కు దారితీసే రోడ్లను ఎప్పుడు మూసివేసేదీ, వాహనాలను ఎటు మళ్లించేదీ, ఇండియా గేట్ పరిసరాల్లో ఏయే ఆంక్షలు ఉండేదీ అందులో సవివరంగా ఉంటాయి. మద్యం సేవించి వాహనం నడిపేవారిని ఉపేక్షించేది లేదన్న హెచ్చరిక సరేసరి. కొత్త సంవత్సరం మొదలైన ఒకటి రెండు రోజులకు మరో ప్రకటన వెలువడుతుంది. ఆ రాత్రి ఎన్ని చలాన్లు రాసిందీ, వాటిలో తాగి నడిపిన కేసులెన్నో అది చెబుతుంది. అంతటితో పండుగ సీజనుకు సంబంధించిన రహదారి భద్రత ముగిసినట్లే అధికార యంత్రాంగం భావిస్తుంది. రోడ్లమీద మృత్యువు మాత్రం ఆ ఒక్క రాత్రికీ, ఆ ఒక్క కూడలికీ పరిమితమయ్యే అలవాటు ఏనాడూ చూపలేదు.

ఈ విషయాన్ని 2023 జనవరి 1 తెల్లవారుజామున జరిగిన ఘోరం చాటి చెప్పింది. వాయవ్య ఢిల్లీలోని సుల్తాన్‌పురిలో స్కూటీపై వెళుతున్న 20 ఏళ్ల యువతిని ఒక కారు ఢీకొన్నది. కారు కింద చిక్కుకుపోయిన ఆమెను కారులోని వారు 10 కిలోమీటర్లకు పైగా ఈడ్చుకుపోయారు. కంఝావాలా వద్ద ఆమె మృతదేహం దొరికింది. ఈ దారుణాన్ని చూసిన దారినపోయేవారు పోలీస్ కంట్రోల్ రూముకు ఫోన్ చేశారు. అయినా ఆ కారును ఎవరూ అడ్డుకోలేకపోయారు. సంవత్సరం మొత్తంమీద అత్యధిక సంఖ్యలో పోలీసులు రోడ్లమీద నిలబడి ఉండే రాత్రి ఇది జరిగింది. దేశం యావత్తూ నివ్వెరపోయిన తరువాత కేంద్ర హోంశాఖ ఆదేశంపై 11 మంది పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. వీరంతా ఆ దారిలో మూడు పీసీఆర్ వాహనాల్లోనూ, రెండు పికెట్ల వద్దా విధుల్లో ఉన్నవారే. ఆ ఏడాది జూలైలో నలుగురు నిందితులపై హత్యాభియోగాలు మోపాలని న్యాయస్థానం ఆదేశించింది.

కిందిస్థాయి సిబ్బందిని శిక్షించడంతో అధికారుల బాధ్యత తీరిపోయింది గానీ అసలు ప్రశ్న మిగిలిపోయింది. బలగాలను ఎక్కడ నిలిపారు? వేడుకలు జరిగే ప్రాంతాల చుట్టూ మూడంచెల కాపలా పెట్టి, వేడుక ముగిశాక జనం ఇళ్లకు చేరుకునే శివారు దారులను గాలికి వదిలేశారు. కన్నాట్ ప్లేస్‌లో గుమిగూడినవారు అక్కడే నివసించరు. సుల్తాన్‌పురి, నరేలా, బదర్‌పూర్, నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్... అర్ధరాత్రి దాటాక వాళ్లంతా వెళ్లేది అటే. అంతేకాదు, ఆ సంబరాలతో నిమిత్తం లేకుండా హోటళ్లలో, ఆస్పత్రుల్లో, కాల్ సెంటర్లలో డ్యూటీలు ముగించుకుని ఇంటిదారి పట్టే వేలాది మందికి కూడా అవే రోడ్లు గతి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. మరుసటి ఏడాది మృతుల సంఖ్య 1,72,890కి పెరిగింది. పది లక్షలకు పైబడి జనాభా ఉన్న నగరాలన్నింటిలోకీ 2022లో ఎక్కువ మంది, అంటే 1,461 మంది, చనిపోయింది ఢిల్లీలోనే. ఆ ఏడాది రాజధానిలో ప్రాణాలు కోల్పోయిన ప్రతి పదిమందిలో నలుగురికి పైగా పాదచారులు. వారు ఏ వాహనమూ నడపలేదు. వారికి చలానా రాసే అవకాశమూ లేదు, వారి ఊపిరిని యంత్రంలో ఊదించి పరీక్షించవలసిన అవసరమూ లేదు. రింగ్ రోడ్డును దాటబోయి, పేవ్‌మెంటు లేనిచోట రోడ్డు అంచున నడవబోయి, బస్సు కోసం చీకట్లో నిలబడి వారు చనిపోయారు. దేశవ్యాప్తంగా ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య అని ఈ శాఖ వార్షిక నివేదికలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. డిసెంబర్‌లో ఢిల్లీలో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. తాగినవారిని పట్టుకునే తనిఖీలు ముమ్మరమయ్యేది మాత్రం రాత్రి పొద్దుపోయాక. నేరస్థుణ్ణి వెదకడంలో చూపే ఉత్సాహంలో నాలుగో వంతు వీధి దీపాలు వెలిగించడంలో చూపినా కొన్ని కుటుంబాలు నిలబడేవి.

అలాగని తాగి నడిపేవారిపట్ల మెతకవైఖరి చూపాలని ఎవరూ అనరు. 1999 జనవరి 10 తెల్లవారుజామున లోధీ కాలనీలో ఒక బీఎండబ్ల్యూ కారు ఆరుగురిని పొట్టన పెట్టుకున్న ఉదంతాన్ని పాత పాఠకులు మరచి ఉండరు. మృతుల్లో ముగ్గురు విధి నిర్వహణలో ఉన్న పోలీసులే. కారు నడిపిన యువకుడు మాజీ నౌకాదళాధిపతి మనవడు. విందు నుంచి తిరిగి వస్తున్నాడు. సాక్షులు మాట మార్చడం, ప్రాసిక్యూషన్‌లోనే లొసుగులు బయటపడటం వంటి అనేక మలుపులు తిరిగిన ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2012 ఆగస్టులో గానీ రాలేదు. నిందితుడు అప్పటికే అనుభవించిన జైలు శిక్ష చాలునని, 50 లక్షల రూపాయలు చెల్లించి రెండేళ్లు సమాజసేవ చేయాలని న్యాయస్థానం నిర్దేశించింది. ఆరు ప్రాణాల కేసు కొలిక్కి రావడానికి పదమూడేళ్లకు పైగా పట్టింది.

చట్టంలో లోపం ఉన్నదా అంటే పెద్దగా లేదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరమే. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో మొదటిసారి పట్టుబడితే పదివేల రూపాయల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. మళ్లీ పట్టుబడితే పదిహేను వేలు, రెండేళ్ల దాకా జైలు. పాలకులు చట్టాన్ని ఎంత గట్టిగా చేస్తే దానికి కన్నం వేసే తెలివితేటలు అంతకంతకూ పదునెక్కడమే మన దేశంలోని విచిత్రం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏప్రిల్‌లో అది అమలులోకి రాగానే కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు రాత్రికి రాత్రి రహదారుల పేర్లు మార్చి వాటిని నగర వీధులుగా ప్రకటించాయి. ఢిల్లీ పొరుగునే ఉన్న గుర్‌గావ్‌లో కొన్ని చోట్ల రహదారి వైపు ద్వారాన్ని మూసి, చుట్టూ తిప్పి లోపలికి పంపే దారులు వేశారు. నడిచే దూరం పెరిగింది కాబట్టి 500 మీటర్లు దాటినట్లేనట! చివరకు పురపాలక సంఘాల పరిధిలోని దుకాణాలకు ఆ తీర్పు అడ్డురాదని 2017 జూలైలో సుప్రీంకోర్టే వివరణ ఇవ్వవలసి వచ్చింది.

తాగినవాడు స్టీరింగ్ పట్టకూడదంటే ఇంటికి చేరే మరో మార్గం అతనికి చూపాలి. ఢిల్లీ మెట్రో దేశంలోకెల్లా పెద్దది. కానీ గత కొన్నేళ్లుగా డిసెంబర్ 31 రాత్రి 9 గంటల తరువాత కన్నాట్ ప్లేస్ కింద ఉన్న రాజీవ్ చౌక్ స్టేషన్ నుంచి బయటకు వెళ్లనివ్వడం లేదు. జనసమ్మర్దం నివారణకు అది అవసరమే కావచ్చు. ఆఖరి రైళ్లు మాత్రం అర్ధరాత్రి కాకమునుపే బయలుదేరిపోతాయి. 2024 డిసెంబర్ 31న హైదరాబాద్ మెట్రో అర్ధరాత్రి దాటి 12.30 గంటల వరకు రైళ్లు నడిపింది. హైదరాబాద్‌కు సాధ్యమైనది అంతకు ఎన్నో రెట్ల వ్యవస్థ ఉన్న ఢిల్లీకి ఎందుకు సాధ్యం కాదో మెట్రో అధికారులు సెలవివ్వాలి.

మద్యం ప్రమాదం కంటికి కనిపించేది. రాజధాని పరిసరాల్లో శీతకాలపు ప్రయాణికులను కబళించే మరో శత్రువు ఉన్నది. అది పొగమంచు. దక్షిణాదివారికి, ముఖ్యంగా మన తెలుగువారికి, దాని తీవ్రత అనుభవంలోకి వస్తే తప్ప అర్థం కాదు. అరకు లోయలో ఆహ్లాదం కలిగించే మంచు తెర కాదది. పడమటి గాలుల ప్రభావంతో అడపాదడపా కురిసే జల్లులు, పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ గోధుమ పొలాలకు పెట్టే తడి నేలలో తేమను నిలుపుతాయి. రాత్రివేళ నేల త్వరగా చల్లబడుతుంది. గాలి కదలదు. నగరాల పొగ, ధూళి కణాలను ఆధారం చేసుకుని ఆ తేమ నేలమీదనే మేఘమై కూర్చుంటుంది. తెల్లవారుజామున మూడు గంటల నుంచి ఉదయం తొమ్మిది దాకా దాని విజృంభణ ఎక్కువ. 200 మీటర్ల కంటే తక్కువ దూరం మాత్రమే కనిపిస్తే దట్టమైన పొగమంచు అని, 50 మీటర్ల కన్నా తక్కువైతే అతి దట్టమైనదని వాతావరణ శాఖ నిర్వచనం.

ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 50 మీటర్ల దూరం కనిపించినా విమానం దిగగల పరికరాలున్నాయి. అందుకు తగిన యంత్రాంగం ఉన్న విమానాలకు, ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లకు మాత్రమే ఆ అనుమతి. కిందనున్న రహదారిమీద నలభై మందిని ఎక్కించుకుని వెళ్లే బస్సు డ్రైవరుకు ఏ శిక్షణా లేదు, రెండు హెడ్‌లైట్లు తప్ప మరే పరికరమూ లేదు. రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడిచే రోజుల్లో సహనం నశించి బస్సులు, టాక్సీలు ఎక్కేవారి సంఖ్య కూడా పెరుగుతుంది.

గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల పొడవున సాగే యమునా ఎక్స్‌ప్రెస్‌వే 2012 ఆగస్టులో ప్రారంభమైంది. సాఫీ అయిన కాంక్రీటు బాట, అడ్డొచ్చే కూడలి లేదు. వేగానికి అంతకన్నా ఆహ్వానం ఏముంటుంది? 2017 నవంబర్ 8 ఉదయం పొగ, మంచు కలగలిసిన వేళ ఆ దారిలో వాహనాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి గుద్దుకుంటున్న దృశ్యాలను దేశమంతా టీవీల్లో చూసింది. 2019 జూలై 8న లక్నో నుంచి ఢిల్లీ వస్తున్న ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ బస్సు ఆగ్రా దగ్గర వంతెన మీద నుంచి కాలువలోకి పడి 29 మంది మరణించారు. అది మంచు కాలం కాదు; తెల్లవారుజామున డ్రైవరు కునుకు తీశాడని ప్రాథమికంగా తేలింది. ఆ ఘటన తరువాతనే ఐఐటీ ఢిల్లీ నిపుణుల సిఫార్సుల అమలులో చలనం వచ్చింది.

మంచు దృష్ట్యా శీతకాలంలో వేగ పరిమితిని తగ్గించే పద్ధతి ఈ రహదారిమీద ఉన్నది. 2024 డిసెంబర్ 15 నుంచి 2025 ఫిబ్రవరి 15 వరకు కార్లకు గంటకు 100 కిలోమీటర్ల పరిమితిని 75కు, భారీ వాహనాలకు 80ని 60కి తగ్గించారు. ఉద్దేశం మంచిదే. కానీ లెక్క కుదిరిందా? గంటకు 75 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 21 మీటర్లు. ముందున్న ఆటంకం కంటపడి, కాలు బ్రేకు మీదకు చేరడానికి సెకనున్నర అనుకుంటే ఆ లోపే కారు 31 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు వేశాక పొడి రోడ్డుమీద ఆగడానికి మరో 30 మీటర్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. మొత్తం 60 మీటర్లకు పైమాటే. కనిపించేది మాత్రం 50 మీటర్లు! అంటే ప్రభుత్వం నిర్దేశించిన పరిమితిని తుచ తప్పక పాటించిన డ్రైవరు సైతం ముందు ఆగి ఉన్న లారీని ఢీకొని తీరుతాడు.

జర్మనీ రహదారి నిబంధనల్లో పొగమంచువల్ల 50 మీటర్ల మేర కూడా కనిపించనప్పుడు ఏ వాహనమైనా గంటకు 50 కిలోమీటర్లు దాటరాదని ఉన్నది. పై లెక్కనే ఆ వేగానికి వేస్తే వాహనం దాదాపు 35 మీటర్లలో ఆగుతుంది. అక్కడ పరిమితిని నిర్ణయించేది డ్రైవరు కంటికి కనిపించే దూరం. ఇక్కడ నిర్ణయించేది క్యాలెండరు. డిసెంబర్ 10న మంచు కమ్మితే ఏమిటి? జనవరిలో మధ్యాహ్నం ఎండ కాస్తుంటే 75 దాటినవాడికి చలానా రాయడం ఏ భద్రత కోసం? టోల్ ప్లాజాల వద్ద ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టి గంట గంటకూ వేగ పరిమితి మార్చడం, 50 మీటర్లలోపు పడిపోయినప్పుడు వాహనాలను ప్లాజాలవద్దనే నిలిపి పోలీసు జీపు వెనుక బారులుగా పంపడం అసాధ్యమైన పనులేమీ కావు. ప్రయాణికుల నుంచి టోల్ వసూలు చేస్తున్న సంస్థలకు ఆ మాత్రం బాధ్యత అప్పగించడానికి ప్రభుత్వాలు వెనుకాడనక్కరలేదు.

పొగమంచులో ప్రాణాంతకమైనది కదిలే వాహనం కన్నా నిలిచిన వాహనం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చెరకు గానుగల సీజను సరిగ్గా ఇదే. మిల్లులకు చెరకు మోసే ట్రాక్టర్ ట్రాలీలకు వెనుక దీపం ఉండదు, మెరిసే రిఫ్లెక్టర్ పట్టీ ఉండదు. ట్రాలీ వెడల్పును మించి రెండువైపులా చెరకు గడలు వేలాడుతుంటాయి. ధాబాల ముందు రోడ్డుమీదికే వచ్చి ఆగే లారీలు అదనం. వందల కోట్లు వెచ్చించి కెమెరాలు బిగిస్తున్న ప్రభుత్వాలకు ఒక్కో ట్రాలీకి అతికించే ఎర్ర పట్టీ ఖరీదు బరువవుతున్నదంటే నమ్మశక్యం కాదు. చక్కెర మిల్లుల గేట్లవద్దనే ఈ పని పూర్తి చేయవచ్చు.

సెలవుల్లో ఢిల్లీ చూడవచ్చే తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. తాజ్ మహల్‌ను సూర్యోదయ సమయంలో చూపిస్తామంటూ తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయలుదేరదీసే టాక్సీలవారు అనేకులు. పొగమంచు ఉధృతంగా ఉండేదీ, రాత్రంతా మేలుకున్న డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చేదీ ఆ వేళలోనే. ఆ సూర్యోదయం మంచులో కనిపించదు కూడా! తొమ్మిది దాటాక బయలుదేరితే పోయేదేమీ లేదు; హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం ఎనిమిది దాటాక వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లున్నాయి. దారిలో మంచు కమ్మితే హెడ్‌లైట్లను కిందికి దించి వేయాలి. పైకెత్తిన కాంతి మంచుకు తగిలి తిరిగి డ్రైవరు కళ్లలోనే పడుతుంది. కారు కదులుతుండగా నాలుగు ఇండికేటర్లనూ వెలిగించడం ఇక్కడి డ్రైవర్లకు పరిపాటి. దానివల్ల వెనుక వచ్చేవారికి మీరు ఆగారో, కదులుతున్నారో, పక్కకు తిరుగుతున్నారో తెలియదు. ఇక రోడ్డు కనిపించడం లేదని ఉన్నచోటనే ఆపడం అన్నిటికన్నా ప్రమాదకరం. ధాబా ఆవరణలోకో, పెట్రోలు బంకులోకో పూర్తిగా రోడ్డు దిగి ఆగాలి.

టాక్సీ వెనుక సీటులో కూర్చున్నవారు బెల్టు కట్టుకోవడం మన దేశంలో అమర్యాద కింద లెక్క. డ్రైవరుపై నమ్మకం లేదా అన్నట్లు చూస్తారు. పైగా బెల్టు కొక్కేలు సీటు కవరు కింద పూడుకుపోయి ఉంటాయి. 2014 జూన్ 3 ఉదయం కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి గోపీనాథ్ ముండే విమానాశ్రయానికి వెళుతుండగా న్యూఢిల్లీ నడిబొడ్డునే ఆయన కారును మరో కారు ఢీకొన్నది. మంత్రి పదవి చేపట్టి వారం రోజులు. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదు. కారు నుజ్జునుజ్జు కాలేదు గానీ మంత్రి బతకలేదు. బెల్టు పెట్టుకుని ఉంటే బతికేవారని అప్పటి ఆరోగ్యమంత్రి, స్వయంగా వైద్యుడైన హర్షవర్ధన్ ఆవేదన వ్యక్తం చేశారు. వెనుక సీటు బెల్టు నిబంధన అప్పటికే పుస్తకాల్లో ఉన్నది. ఎనిమిదేళ్లు గడిచాక, 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ అదే విధంగా, వెనుక సీటులో బెల్టు లేకుండా, మరణించారు. అప్పుడు గానీ ఢిల్లీ పోలీసులు బారాఖంబా రోడ్డుమీద నిలబడి వెనుక సీటు ప్రయాణికులకు చలాన్లు రాయలేదు.

బెల్టు పెట్టుకోకపోయినా కారులో అలారం మోగకుండా ఆపే క్లిప్పులు ఇంటర్నెట్ అంగళ్లలో యథేచ్ఛగా అమ్ముడుపోయాయి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో ఐదు ఈ-కామర్స్ సంస్థలకు ఆదేశాలిచ్చి వాటిని తొలగింపజేయవలసి వచ్చింది. చావును ఆహ్వానించే వస్తువును డబ్బు పెట్టి కొనుక్కునే జనాన్ని ఏమనాలో తెలియదు. 2022లో సీటు బెల్టు లేకపోవడంవల్ల 16,715 మంది చనిపోయారని ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. వారిలో సగం మంది, కచ్చితంగా చెప్పాలంటే 8,331 మంది, డ్రైవర్లు కారు, పక్కనో వెనుకనో కూర్చున్న ప్రయాణికులు. హెల్మెట్ లేక ప్రాణాలు పోగొట్టుకున్నవారు అంతకు మూడింతలు, 50,029 మంది.

ప్రమాదం జరిగిన తరువాత మొదటి గంట అమూల్యమైనది. పోలీసుల ప్రశ్నలకూ, కోర్టు వాయిదాలకూ జడిసి క్షతగాత్రుణ్ణి ముట్టుకోని దుస్థితిని తప్పించడానికి సుప్రీంకోర్టు 2016 మార్చిలో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ దాఖలు చేసిన కేసులో సహాయకులకు రక్షణ కల్పించింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలోనే చేరింది. గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవారిపై సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ పెట్టరాదు. పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. 2025 మే 5న నోటిఫై అయిన కేంద్ర పథకం కింద ప్రతి బాధితునికి ఏడు రోజులపాటు లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించనక్కరలేని చికిత్స లభిస్తుంది. ఇదీ తనంత తాను రాలేదు. చట్టంలో ఉన్న ఈ నిబంధనకు పథకం రూపొందించడంలో జాప్యాన్ని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీవ్రంగా ఆక్షేపించి గడువు విధించిన తరువాతనే ప్రభుత్వం కదిలింది. ఢిల్లీలో అంతకు ముందే ఉన్న ‘ఫరిష్తే’ పథకమైతే నిధులు నిలిచిపోయాయంటూ 2023లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అధికారంలో ఉన్నవారి మధ్య పోరుకు రోడ్డుమీద నెత్తురోడుతున్నవాడు మూల్యం చెల్లించాలన్నమాట.

రాజధానిలో ఇది పాత కథే. 1997 నవంబర్ 18న వజీరాబాద్ వంతెన మీదనుంచి స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. రెండు రోజులకే సుప్రీంకోర్టు భారీ వాహనాల వేగంపై, ఓవర్‌టేకింగ్‌పై కఠినమైన ఆదేశాలు జారీచేసింది. డిసెంబర్‌లో స్కూలు బస్సులకు ప్రత్యేక నిబంధనలు విధించింది. ఆ తరువాత పదేళ్లకు కూడా అదే నగరంలో బ్లూలైన్ బస్సులు జనాన్ని తొక్కుకుంటూ పోతూనే ఉన్నాయి. అంతర్జాతీయ సదస్సుల్లో రోడ్డు ప్రమాదాల ప్రస్తావన వచ్చినప్పుడు తాను ముఖం దాచుకోవలసి వస్తున్నదని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2024 డిసెంబర్‌లో లోక్‌సభలో ఒప్పుకున్నారు. మంత్రి నిజాయితీ మెచ్చదగినదే. అయితే శాఖాధిపతి సిగ్గుపడినంత మాత్రాన మృతుల సంఖ్య తగ్గదు.

తెలుగు రాష్ట్రాల పాలకులు ఇదంతా ఢిల్లీ గొడవ అనుకోవడానికి వీల్లేదు. కొత్త సంవత్సరం వచ్చిన దాదాపు రెండు వారాలకే సంక్రాంతి. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల వద్ద కార్లు బారులు తీరే రోజులవి. ప్లాజావద్ద పోగొట్టుకున్న గంటను తరువాతి యాభై కిలోమీటర్లలో రాబట్టుకోవాలన్న ఆత్రుతే అక్కడ మృత్యుహేతువు. ఆ కాలంలో ఈ దారిలోనూ తెల్లవారుజామున మంచు పడుతుంది. ఢిల్లీ అంత దట్టంగా కాకపోయినా వేగానికి సంబంధించిన లెక్క ఇక్కడా అదే. 2018 ఆగస్టు 29 ఉదయం నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద స్వయంగా కారు నడుపుతూ నందమూరి హరికృష్ణ దుర్మరణం పాలైనప్పుడు ఆయనా సీటు బెల్టు పెట్టుకోలేదు.

పండుగ రద్దీని సొమ్ము చేసుకునే ప్రైవేటు బస్సుల సంగతి మరీ దారుణం. 2013 దీపావళికి ముందు అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద వోల్వో బస్సు దగ్ధమై 45 మంది సజీవ దహనమయ్యారు. పన్నెండేళ్ల తరువాత 2025 దీపావళి వెళ్లిన నాలుగో రోజు, అక్టోబర్ 24న, అదే హైదరాబాద్-బెంగళూరు రహదారిపై కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద మరో బస్సు మంటల్లో చిక్కుకుని 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. రెండూ తెల్లవారుజామునే జరిగాయి, ప్రయాణికులు గాఢనిద్రలో ఉన్నప్పుడు. మోటారు రవాణా కార్మికుల పని రోజుకు ఎనిమిది గంటలు మించరాదని 1961లోనే చట్టం చేశారు. సంక్రాంతికి ముందు వారంలో హైదరాబాద్ నుంచి బయలుదేరే స్పెషల్ బస్సుల డ్రైవర్లు ఎన్ని గంటల క్రితం పడుకుని లేచారో, బస్సు అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో రవాణాశాఖ అధికారులు బస్సు కదలకముందు చూడాలి. టిక్కెట్టు ధర ఎంత పెంచారన్నదానిపై ఏటా చేసే హడావుడి తరువాతనైనా చేసుకోవచ్చు.